అస్థీభవన వ్యాధి – చిట్టెలుక సాక్ష్యము

వంశపారంపర్యమగు అస్థివ్యాధులలో ఫైబ్రోడిస్‌ప్లేసియా ఆసిఫికన్స్ ప్రోగ్రెసివా మిక్కిలి అరుదైనది. పది లక్షలమందిలో ఒకరికి కలుగునని అంచనా. కాలి బొటనవ్రేలు వంకరగా పుట్టిన శిశువునకు కాలక్రమమున కండరములును స్నాయువులును ఎముకగా మారును. ఆ యెముకను శస్త్రచికిత్సచే తొలగించినచో మరింత పెరుగును. కావున రోగి దేహమునుండి ముక్క తీసి పరిశీలించుటయు ప్రమాదమే. చిట్టెలుకకు ఇంతటి ప్రాముఖ్యము వచ్చుటకు ఇది ముఖ్యకారణము.

2006లో ఎ.సి.వి.ఆర్.1 జన్యువునందలి దోషము బయల్పడెను: 206వ స్థానమున ఆర్జినీనుకు మారుగా హిస్టిడీను. 2008 నాటి చిట్టెలుకయందు పెట్టబడినది ఈ మార్పు గాదు. ప్రక్కనున్న 207వ స్థానమున ప్రయోగశాలలో కల్పించిన మార్పు. ఆ గ్రాహకము ఏ సంకేతమును అందుకొనకయే పనిచేయును. ఎముక పెరిగిన మాట నిజమే గాని, రోగిలో దానిని రేపుచున్న దేదియను ప్రశ్నకు ఆ జంతువు జవాబు చెప్పజాలదు. 2012లో అసలు మార్పునే ప్రవేశపెట్టిరి. అది దేహమంతట నున్న పిల్లలు బ్రతుకవు గనుక, దోషమున్న కణములును లేనివియు కలిసిన మిశ్రమ జంతువులతో తృప్తిపడవలసివచ్చెను. కోరిన సమయమున దోషమును మేల్కొలుపగల చిట్టెలుక 2015లో వచ్చిన పిమ్మటనే, సహజముగ ఆ గ్రాహకమును అణచునట్టి యాక్టివిన్-ఎ, దోషమున్నచోట దానిని ప్రేరేపించునని తేలెను. ఈ శాఖకు చిట్టెలుక చేసిన గొప్ప యుపకారమిది.

పాలోవరోటీన్ కథ వేరు. 2016లో ఆ మందువలన చిట్టెలుకలలో అదనపు టెముక తగ్గెననియు, అవయవముల యెదుగుదల కాపాడబడెననియు ప్రకటించిరి. 2018లో వేరొక రీతిని నిర్మించిన ఎలుకపిల్లలయందు అదనపు టెముక తగ్గినను, ఎదుగుదల మృదులాస్థి నశించెను. 2019 డిసెంబరులో 14 ఏండ్ల లోపు పిల్లలకు మందిచ్చుటను అమెరికా అధికారులు నిలిపివేయించిరి. వారి యెదుగుదల మృదులాస్థి ముందుగనే మూసికొనిపోవుచుండెను. మొదటి వ్యాసము అబద్ధమాడలేదు. అందలి చిట్టెలుకలకు దోషము అవయవ కణములయందు మేల్కొల్పబడగా ఎదుగుదల అప్పటికే కుంటుపడియుండెను. మందు దానిని చక్కజేసెను. కుంటుపడినది చక్కబడుట వేరు, మందువలన ఎదుగుదలకు హాని లేకుండుట వేరు. పైగా యౌవనమున మానవుని యెదుగుదల మృదులాస్థి మూసికొనును. చిట్టెలుకది అట్లు పూర్తిగ మూసికొనదు. అకాలమున మూసికొనుటను గూర్చి అభయ మిచ్చుటకు దానిని సాక్షిగా పిలుచుటయే సందేహాస్పదము.

2023 ఆగస్టులో ఆ మందునకు అమెరికాలో అనుమతి లభించెను, బాలికలకు 8, బాలురకు 10 ఏండ్లు నిండిన పిమ్మటనే. అదే యేట ఐరోపా సంఘము దానిని నిరాకరించెను.