లెక్క కుదిరింది, సరుకు మాటేమిటి?

నాడె పడుగు మధ్యలో ఉండగా కరెంటు పోతే మరమగ్గం ఆగిపోతుంది. కరెంటు రాగానే గబుక్కున మీట నొక్కి నడిపించే నేత కార్మికుడు ఉండడు. సగంలో నిలిచిన పేకను లాగివేసి, తెగిన పడుగు పోగులను ముడివేసి, ఆ తర్వాతే మగ్గాన్ని కదిలిస్తాడు. లేకపోతే బట్ట మీద అడ్డంగా చార పడుతుంది. సూరత్ మరమగ్గాల మీద పనిచేసే తెలుగు నేత కుటుంబాలకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన పద్మశాలీలు ఆ నగరంలో పెద్ద సంఖ్యలో స్థిరపడ్డారు.

మగ్గానికి పాటించే ఈ జాగ్రత్త కంప్యూటర్ దగ్గరకు వచ్చేసరికి ఏమవుతోంది? చీరల డిజైన్లు, బిల్లులు, పెళ్లి ఫొటోలు దాచుకోవడానికి ఇంట్లోనే చిన్న నిల్వ సర్వరు పెట్టుకునేవారు ఉన్నారు. అది బిగుసుకుపోయి పలకకపోతే చాలామంది చేసే పని ఒకటే: మీటను నాలుగైదు సెకన్లు అదిమిపట్టి బలవంతంగా ఆపివేయడం. మళ్లీ వెలిగించినప్పుడు ఫైల్ వ్యవస్థ తనిఖీ నడుస్తుంది. చివరికి ‘శుభ్రం’ అన్న తీర్పు వస్తుంది. ఆ తీర్పును ఎంతవరకు నమ్మవచ్చు అన్నదే ఇక్కడ మన విచారణ.

ముందుగా ఆ తనిఖీ చేసే పని చూద్దాం. డిస్కును ఒక గోదాముగా ఊహించుకోండి. ఒక ఫైలుకు కొత్త సమాచారం చేర్చాలంటే కనీసం మూడు చోట్ల రాయాలి. సరుకును ఒక గదిలో పెట్టాలి. ఆ గది ఫలానా ఫైలుదని ఖాతాలో రాయాలి. ఖాళీ గదుల పట్టిక నుంచి దానిని కొట్టివేయాలి. ఈ మూడూ ఒకే క్షణంలో జరగవు. నడుమ కరెంటు ఆగితే పుస్తకాలు ఒకదానితో ఒకటి పొసగవు. ఒకే గది తమదేనని రెండు ఫైళ్లు చెప్పవచ్చు. ఏ పేరూ లేని ఫైలు మిగిలిపోవచ్చు. తనిఖీ ప్రోగ్రాం ఈ పుస్తకాలన్నీ తిరగేసి లెక్క కుదురుస్తుంది.

ఈ పనిలో పేరుపొందినది యూనిక్స్ లోని ఎఫ్‌ఎస్‌సికె. బెల్ ప్రయోగశాలలో టి. జె. కోవాల్‌స్కీ 1970 దశకం చివర దీనిని రూపొందించారు. బర్క్‌లీలో మెక్‌కూసిక్ కొత్త ఫైల్ వ్యవస్థకు అనుగుణంగా దానిని మలిచారు. అంతకుముందు గదుల లెక్కకు ఒకటి, డైరెక్టరీల లెక్కకు మరొకటి వేర్వేరు ప్రోగ్రాములుండేవి. దిద్దుబాటు భారం మనిషిదే. ఆ చెల్లాచెదురు పనిని ఒక క్రమంలోకి తెచ్చిన ఘనత ఎఫ్‌ఎస్‌సికెది. ఈ మెప్పు దానికి న్యాయంగా దక్కవలసిందే.

డిస్కులు పెద్దవైన కొద్దీ తనిఖీకి గంటలు పట్టసాగింది. దీనికి విరుగుడుగా చిట్టా పద్ధతి వచ్చింది. చేయబోయే మార్పును ముందుగా చిట్టాలో రాసుకుని, తర్వాత అసలు చోట రాస్తారు. లేచాక చిట్టా చూసి పూర్తిగా నమోదైన పనిని అమలు చేసి, సగంలో ఆగినదానిని వదిలేస్తారు. సగం పేకను లాగివేయడం వంటిదే ఇది. లినక్స్ ప్రధాన స్రవంతిలోకి ఈ పద్ధతి 2001లో వచ్చింది.

ఇక లోపాలు. మొదటిది, ‘శుభ్రం’ అన్న మాటే. పుస్తకాలు పరస్పరం పొసిగాయని మాత్రమే దాని అర్థం. గదిలోని సరుకు చెడిందో లేదో సాధారణ తనిఖీ చూడదు. లినక్స్ లో వాడుకలో ఉన్న ఇఎక్స్‌టి4 చిట్టా కూడా మామూలుగా ఖాతా వివరాలనే రాసుకుంటుంది, సరుకును కాదు. 2009లో ఈ వ్యవస్థ వాడిన కొందరికి యంత్రం కుప్పకూలి లేచాక ఫైలు పేరు ఉంది, పరిమాణం మాత్రం సున్నా! అయినా లెక్క ప్రకారం తప్పు లేదు. ఆ ఏడాదే దానికి సవరణలు చేశారు.

రెండవది, అన్నింటికీ ‘సరే’ అనిపించుకునే అలవాటు. ఫలానా ఖాతాను తుడిచివేయనా అని ప్రోగ్రాం అడుగుతుంది. అందులో ఉన్నది పాత చిత్తుకాగితమో, ఏడాది లెక్కలో ఇంటివారికి తెలిసే వీలు లేదు. దొరికిన అనాథ ఫైళ్లను ఒక డైరెక్టరీలో వేసి, పేరుకు బదులు ఒక అంకె తగిలిస్తుంది. ఇంకా చిత్రమేమంటే, లినక్స్ తనిఖీ ప్రోగ్రాం కొన్ని సందర్భాల్లో తన దిద్దుబాటుతోనే నష్టాన్ని పెంచగలదని అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో చూపారు. వైద్యుడి చేతిలో కూడా రోగం ముదరవచ్చునన్నమాట.

మూడవది, రెండు మూడు డిస్కులు జతచేసిన పెట్టె కొన్నాం కదా అన్న ధీమా. ఒక డిస్కు పాడైతే ఆ జత ఆదుకుంటుంది. తప్పుగా రాసినదాన్ని మాత్రం అన్ని డిస్కుల్లోనూ అంతే విధేయంగా రాస్తుంది.

మరి మార్గం లేదా? ఉంది. 2005లో వెలుగుచూసిన జడ్‌ఎఫ్‌ఎస్ వంటి వ్యవస్థలు ప్రతి గదిలోని సరుకుకూ ఒక సరిచూపు సంఖ్య కట్టి, చదివినప్పుడల్లా పోల్చి చూస్తాయి. లెక్కతో పాటు సరుకునూ చూడడమే సరైన దారి. అయితే అవి కూడా డిస్కు మీదికి చేరకముందే పోయిన సమాచారాన్ని తెచ్చి ఇవ్వలేవు. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి వదిలిన నీటితో తాపీ నది పొంగి సూరత్‌లో చాలా భాగం మునిగింది. అటువంటి రోజున ఇంట్లో ఎంత మంచి పెట్టె ఉన్నా ఒకటే. రెండవ ప్రతి మరో చోట ఉండాలి.

కాబట్టి మీట అదమడానికి ముందు కొంతసేపు ఆగి, మరో కంప్యూటర్ నుంచి సర్వరును పద్ధతిగా ఆపడానికి ప్రయత్నించండి. తప్పనిసరై ఆపితే, మొదటి తనిఖీని ఏమీ మార్చకుండా చూసే పద్ధతిలోనే నడపండి. వాడుకలో ఉన్న డిస్కు మీద దిద్దుబాటు చేయవద్దు. డిస్కు టకటక శబ్దం చేస్తుంటే తనిఖీ కట్టిపెట్టి, ముందు నకలు తీసే సంగతి చూడండి. అంతా అయ్యాక ముఖ్యమైన ఫైళ్లను స్వయంగా తెరిచి చూడండి.

తనిఖీ ప్రోగ్రాం నిజాయితీగల గుమాస్తా. పుస్తకాలు కుదిరాయని అది చెబితే నమ్మవచ్చు. గోదాము తలుపు తెరిచి చూడవలసింది మాత్రం యజమానే.