ప్లేటు కొత్తదే, నంబరు మాత్రం పాతది

పాత జీపు బాగుచేయించేవాళ్లు కూర్చుంటే ఇంజను గురించే మాట్లాడతారు. నా కన్ను మాత్రం అరచేతిలో ఇమిడిపోయే రేకుముక్క మీద ఉంటుంది. యుద్ధకాలపు విల్లీస్ జీపులో డాష్‌బోర్డు అర మూత మీద అలాంటి ప్లేట్లు మూడుండేవి. బండి నంబరు, బరువు, గేర్లు వేసే తీరు, ఏ గేరులో ఎంత వేగం దాటకూడదన్న హెచ్చరిక, అన్నీ వాటి మీదే. టాప్ గేరులో గంటకు 65 మైళ్లు!

మహీంద్రా 1947లో ఆ విల్లీస్ జీపుల్నే ఇక్కడ బిగించడం మొదలుపెట్టింది. నూజివీడు తోటల్లోకి వచ్చిన జీపు షికారు బండిగా బతకలేదు. చిక్కాలు, ఖాళీ ట్రేలు, ఎరువు బస్తాలు, పైన ఇద్దరు కూలీలు. అంత చాకిరీ చేసిన బండికి ప్లేటు మిగలడమే గొప్ప. మిగిలినా, రంగు వేసే కుర్రాడు ఎమరీ పేపరుతో అద్దంలా రుద్దేస్తాడు. పని మీద అభిమానంతోనే, కాదనను. పోయేది మాత్రం నంబరు.

కొత్త ప్లేటు చేయించడం కష్టమేమీ కాదు. ఖాళీ ప్లేటు మీద పంచ్ పెట్టి అంకెకి ఒక్క దెబ్బ. రెండో దెబ్బ వేశారా, అంకె పక్కన నీడ పడుతుంది. చేత్తో కొట్టిన పాత అంకెలు ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటాయి. మిషను చెక్కినవి వరుస తప్పవు. అందుకే తెలిసినవాడు ముందు అంకెలు చూస్తాడు, తర్వాత రివిట్లు చూస్తాడు.

గేర్ల ప్లేటు కొత్తది పెడితే నాకేం అభ్యంతరం లేదు. నంబరు ప్లేటు దగ్గరే పేచీ. ఛాసిస్ మీద కొట్టిన నంబరే బండికి ఆధారం, ప్లేటు దాన్ని మళ్లీ చెబుతుందంతే. మామిడి అంటుకి పేరు పైకొమ్మతో వస్తుంది, కింద ఏ టెంక మొలిచిందో ఎవరూ అడగరు. బండికి అది తలకిందులు: పైన ఏం మార్చినా పేరు కిందిదే.

1929, 1930ల్లో లె మాన్స్ పందెం గెలిచిన బెంట్లీ ‘ఓల్డ్ నంబర్ వన్’ మీద 1990లో ఇంగ్లండు కోర్టులో ఇదే తగువు. భాగాలు చాలావరకు మారిపోయాయి కాబట్టి ఇది ఆ కారు కాదని కొనేవాళ్ల వాదన. దాని చరిత్ర ఎక్కడా తెగలేదు కాబట్టి ఆ కారేనన్నారు జడ్జి. మార్చడం నేరం కాదన్నమాట. మార్చింది దాస్తేనే చిక్కు. అందుకే కొత్త నంబరు ప్లేటు వెనక, అది చేయించిన సంవత్సరం గీకమంటాను. పాతది ఎంత సొట్టలు పోయినా పారెయ్యొద్దు, బండి కాగితాలతో పాటు దాచాలి. ఛాసిస్ మీద అంకె తుప్పులో కలిసిపోతే ఊహించి కొట్టడం మాత్రం వద్దే వద్దు. అది ఆర్టీవో అనుమతితో తేలాల్సిన సంగతి. కాగితం అద్ది పెన్సిలుతో రుద్దితే లేచే అంకెలనే వాళ్లు నమ్ముతారు.

2021లో కేంద్రం వింటేజి బండ్లకి వేరే రిజిస్ట్రేషను తెచ్చింది. 50 ఏళ్లు దాటి ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు ఉండకూడదు. ఫీజు 20 వేలు, గడువు పదేళ్లు, నంబరులో ‘వీఏ’ అక్షరాలు. బాగానే ఉంది. కానీ ఆ నంబరు తీసుకున్న బండిని రోజువారీ పనికి రోడ్డెక్కించకూడదు. అంటే మే నెలలో బంగినపల్లి ట్రేలు మార్కెట్టుకి వేరే బండి మీద వెళ్లాల్సిందే. మా తోటల వాళ్లలో ఎంతమంది ఒప్పుకుంటారో మరి!