పేరు తెగిన బొమ్మ

మొన్న ఒక విద్యార్థి మిత్రుడు ఫేస్‌బుక్కులో ఒక ఛాయాచిత్రం పెట్టాడు. ఎముకలగూళ్ళైన మనుషులు. తీసినవాని పేరు లేదు, ఊరు లేదు, ఏడు లేదు. చూడగానే గుర్తుపట్టాను: 1943 వంగ క్షామంలో సునీల్ జానా తీసినది. ఆ చిత్రాలు కమ్యూనిస్టు పార్టీ పత్రిక 'పీపుల్స్ వార్'లో పి.సి. జోషి వ్రాతలతో కలిసి వెలువడ్డాయి. బియ్యాన్ని దాచినవారెవరని ఆ పత్రిక నిలదీసింది. వ్రాతను కత్తిరించి బొమ్మను మాత్రమే పంచితే మిగిలేది జాలి; జాలికి ముద్దాయితో పనిలేదు.

"అందరి సొత్తు గదా, పేరెందుకండీ?" అన్నాడు మిత్రుడు. శ్రమదోపిడిపై ఉపన్యాసాలిచ్చే మనం (నేనూ తక్కువవాణ్ణి కాను) కెమెరా పట్టినవాని శ్రమను లెక్కలోనికి తీసుకోమా? మరునాడు అతడు పేరూ, ఏడూ చేర్చాడు. ఊరి కోసం ఇంకా వెతుకుతున్నాము.