గేట్‌వే గడి ఖాళీగా వదిలేస్తే

రేపల్లెలో రైలెక్కి భట్టిప్రోలులోనో వేమూరులోనో దిగేవాళ్ళకి తెనాలి జంక్షన్‌తో పనిలేదు. బాపట్ల వెళ్ళాలంటే మాత్రం తెనాలి వచ్చి బండి మారాల్సిందే. కంప్యూటర్‌కి డిఫాల్ట్ గేట్‌వే ఆ జంక్షన్ లాంటిది. పక్క సిస్టమ్‌తోనో ప్రింటర్‌తోనో మాట్లాడేందుకు దాని అవసరం లేదు. తన నెట్‌వర్క్‌లో లేని అడ్రస్‌కి ప్యాకెట్ పంపాలంటేనే దాన్ని ఆశ్రయిస్తుంది.

మరి ఆ దారే తీసేస్తే?

పేజ్‌మేకర్, అను ఫాంట్ల కోసం విండోస్ ఎక్స్‌పీని వదలని డీటీపీ సెంటర్లకి ఇది ఎంతో పనికొచ్చే పద్ధతి. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8తో సపోర్ట్ ఆపేసింది. శుభలేఖ ప్రూఫు నెట్‌వర్క్ ప్రింటర్‌కి చేరితే చాలు, ఆ సిస్టమ్‌కి ఇంటర్నెట్‌తో పనేముంది?

చేసేదీ తేలికే. ఐపీ అడ్రస్ 192.168.1.20, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0 అని కొట్టి, గేట్‌వే గడి ఖాళీగా వదిలేయాలి. తర్వాత 'రూట్ ప్రింట్' కమాండ్ ఇస్తే 0.0.0.0తో మొదలయ్యే వరస కనిపించదు. ప్రింటర్‌కి పింగ్ కొడితే జవాబొస్తుంది, బయటి అడ్రస్‌కి కొడితే ప్యాకెట్ గడప కూడా దాటదు. అడ్రస్‌ని ఆటోమేటిక్‌గా తీసుకోమంటే మాత్రం రూటర్ గేట్‌వేని కూడా కలిపి ఇచ్చేస్తుంది. విండోస్ 10 అయితే గేట్‌వే లేని నెట్‌వర్క్‌ని గుర్తుపట్టలేక 'పబ్లిక్' కింద వేస్తుంది. షేరింగ్ ఆగిపోయిందని కంగారుపడకుండా ఆ సంగతి చూసుకోవాలి.

అయితే దీన్నే పూర్తి రక్షణ అనుకోవడం ప్రమాదం. 2017 మేలో వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచాన్ని చుట్టేసినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. వాటిలో గుంటూరు జిల్లావి ఉన్నాయి. తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూ అప్పుడు ఆ జిల్లాలోవే. ఫైల్ షేరింగ్‌కి వాడే 445 పోర్టు గుండా అది ఒక సిస్టమ్ నుంచి పక్కదానికి పాకింది. అలా పాకడానికి గేట్‌వే అక్కర్లేదు. పైగా, ఒక ఫలానా వెబ్ అడ్రస్ నుంచి జవాబొస్తే ఆగిపోయేలా ఆ వైరస్‌ని రాశారు. సెక్యూరిటీ పరిశోధకుడు మార్కస్ హచిన్స్ ఆ పేరు రిజిస్టర్ చేయడంతోనే దాని జోరు తగ్గింది. బయటికి దారి లేని సిస్టమ్‌కి ఆ జవాబు ఎలా అందుతుంది? లోపలికి వచ్చిందంటే ఇక ఆగదు.

అందుకే గేట్‌వే తీసేసిన చేత్తోనే ఎక్స్‌పీ ఫైర్‌వాల్‌లో 'డోంట్ అలౌ ఎక్సెప్షన్స్' దగ్గర టిక్ పెట్టాలి. ప్రింటింగ్‌కి దానివల్ల అడ్డం లేదు. ఇంటర్నెట్ వాడే బిల్లింగ్ సిస్టమ్‌కి అప్‌డేట్లు ఆపకూడదు. కస్టమర్ తెచ్చిన పెన్‌డ్రైవ్‌ని ముందు దాంట్లో స్కాన్ చేశాకే డీటీపీ సిస్టమ్‌కి పెట్టాలి.