సంచీ తొడుక్కున్న ఆకాశరామన్న

కోపం రావడం తప్పు కాదు. ఆ కోపాన్ని తీసుకెళ్ళి ఎవరి గుమ్మంలో దింపుతున్నామన్నదే అసలు ప్రశ్న. 'అత్త మీద కోపం దుత్త మీద' అని మనవాళ్ళు ఏనాడో అనేశారు. వంటిళ్ళలో పగిలిన దుత్తల లెక్క మనకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? అయితే వేలాది జనం ఒకచోట చేరి, టిక్కెట్లు కొనుక్కుని మరీ ఒకే ఒక్క దుత్త మీద విరుచుకుపడ్డ సంగతి మీకు తెలిసివుండదు. అది అమెరికాలో, న్యూ ఆర్లియన్స్ అనే ఊళ్ళో, 1980లో జరిగింది. ఆటల గొడవ మనకెందుకులే అని పేజీ తిప్పెయ్యకండి. చదివితే ఇది ఆట కథ కన్నా ఇంటి కథే ఎక్కువని మీరే అంటారు.

ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టు పేరు సెయింట్స్. అంటే పుణ్యపురుషులు! పేరు బాగానే వుంది గానీ, 1967లో ఆడడం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ ఏ ఏడాదీ ఓడినవాటి కన్నా గెలిచిన ఆటలు ఎక్కువన్న మాట లేదు. 1979లో మాత్రం ఎనిమిది ఓడి ఎనిమిది గెలిచారు. తప్పుతూ తప్పుతూ వచ్చిన పిల్లాడు అత్తెసరు మార్కులతో గట్టెక్కితే ఇంట్లో ఎంత సంబరం! వచ్చే ఏడు ఫస్టు క్లాసే అనుకుంటాం. వాళ్ళూ అలాగే అనుకున్నారు. 1980 వచ్చింది. వరసగా పధ్నాలుగు ఆటలు ఓడిపోయారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో డిసెంబరు 7న సగం ఆట ముగిసేసరికి 35-7తో ముందున్నవాళ్ళు, చివరికి 38-35తో ఓడి ఇంటికొచ్చారు. నోటిదాకా వచ్చిన ముద్ద నేలపాలైనట్టే. మొత్తం పదహారింట్లో గెలిచింది ఒక్కటి. అదీ ఒక్క పాయింటు తేడాతో!

ఆ రోజుల్లో బడ్డీ డిలిబెర్టో అనే స్థానిక క్రీడా వ్యాఖ్యాత ఒక సలహా ఇచ్చాడు. ఈ జట్టు ఆట చూడ్డానికి వెళ్ళేవాళ్ళు తలకి కాయితం సంచీ తొడుక్కుని వెళ్ళండీ అని. అక్కడ కిరాణా కొట్లో సరుకులు వేసిచ్చే గోధుమరంగు సంచీలుంటాయి. వాటికి కళ్ళ దగ్గర రెండు కన్నాలు పెట్టుకుని, జనం నిజంగానే తొడుక్కుని వెళ్ళారు. సంచీ మీద జట్టు పేరు కూడా మార్చి రాశారు. సెయింట్స్ అన్న మాటలో మొదటి అక్షరం కొట్టేస్తే 'ఐంట్స్' అవుతుంది. వాళ్ళ వాడుకభాషలో 'కాదు, లేదు' అని చెప్పే మాట అది. పుణ్యపురుషులు కాస్తా ఏమీ కానివాళ్ళయిపోయారు.

ఒక విమర్శగా చూస్తే ఈ సంచీకి ఎన్ని మార్కులు వెయ్యాలి? నన్నడిగితే మొదటి చూపుకి ధారాళంగా వేస్తాను. ఇందులో హాస్యం వుంది. ఎదుటివాడిని వెక్కిరించే ముందు తన మొహాన్నే దాచుకోవడం వుంది. 'వీళ్ళు మావాళ్ళని చెప్పుకోడానికి సిగ్గుగా వుంది, కానీ రాకుండా వుండలేకపోతున్నాం' అన్న మాట అందులో వినపడుతోంది. నిజంగా విసిగినవాడు ఇంట్లో కూర్చుని ఇంకో పని చూసుకుంటాడు. తిట్టుకుంటూనే కారియర్ కట్టిచ్చే ఇల్లాలి ప్రేమ లాంటిది ఇది. ప్రేమ లేనిచోట ఇంత కోపం వుండదు.

కానీ సంచీ లోపలినుంచి వచ్చిన కేకలు ఎవరి మీద? అక్కడే నాకు పేచీ.

ఈ ఆట మనం కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు. బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తేది, విసిరేది. బంతి తమ వైపున్నప్పుడు ప్రతిసారీ అది ముందు చేరేది క్వార్టర్‌బాక్ చేతికి. అతను దాన్ని ఎవరికి అందించాలో, ఎటు విసరాలో రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి. ఈలోగా కొండల్లాంటి మనుషులు అతన్ని కింద పడెయ్యడానికి దూసుకొస్తుంటారు. వాళ్ళని ఆపడానికి అతని ముందు అయిదుగురు అడ్డుగోడలా నిలబడతారు. ఏ ఎత్తు వెయ్యాలో సాధారణంగా బయటినుంచి కోచ్‌లు చెప్తారు. ఆ కోచ్‌ని తెచ్చేదీ, ఆటగాళ్ళని ఎంచేదీ యజమానులూ, వాళ్ళ మేనేజర్లూ.

పెళ్ళి భోజనాలు తలుచుకోండి. సరుకు కొన్నది ఒకరు, వంట చేసింది ఒకరు, ఏది ముందు ఏది వెనక అని పురమాయించింది ఇంకొకరు. పప్పు ఉప్పుకషాయమైతే మాట పడేది మాత్రం గరిటె పట్టుకుని పంక్తిలోకి వచ్చిన కుర్రాడు! క్వార్టర్‌బాక్ ఆ గరిటె పట్టుకున్నవాడు. కంటికి కనిపించేది అతనొక్కడే.

సెయింట్స్ గరిటె ఆర్చీ మానింగ్ చేతిలో వుండేది. మిసిసిపీ కుర్రాడు. 1971లో కోటి ఆశలతో తెచ్చుకున్నారు. 1980 దాకా ఆ పదేళ్ళలో, మధ్యలో తాత్కాలికంగా వచ్చినవాళ్ళతో కలిపి, అతని మీద పెత్తనం చేసిన కోచ్‌లు ఆరుగురు. రెండేళ్ళకో కొత్త అత్తగారన్నమాట! ఒకావిడ పోపులో ఇంగువ వెయ్యమంటుంది, తర్వాతావిడ ఆ వాసనే గిట్టదంటుంది. పెద్ద పేరున్న హాంక్ స్ట్రామ్ అంతటివాడినే రెండేళ్ళు చూసి పంపించేశారు. 1976లో భుజానికి ఆపరేషనై మానింగ్ ఆ ఏడాదంతా ఆడనే లేదు.

1980 లెక్కలు చూద్దాం. మానింగ్ విసిరిన బంతులతో జట్టు ముందుకి సాగింది 3,716 గజాలు. అతని విసురుల మీద 23 సార్లు స్కోరు వచ్చింది. 20 సార్లు బంతి ఎదుటివాళ్ళ చేతుల్లో పడింది. ఆ ఇరవై తక్కువేం కాదు, అతన్ని వెనకేసుకు రావాలని నేను వాటిని దాచను. కానీ ఆ ఏడాది సెయింట్స్ ఎదుటి జట్లకి సమర్పించుకున్న పాయింట్లు 487. సగటున ఆటకి ముప్ఫై. ఎదుటి జట్టు చేతిలో బంతి వున్నంతసేపూ క్వార్టర్‌బాక్ బయట బెంచీ మీద కూర్చుని వుంటాడు. బెంచీ మీద కూర్చున్నవాడు ఆ ముప్ఫై పాయింట్లనీ ఎలా ఆపుతాడు చెప్పండి?

పన్నెండు ఓటముల తర్వాత కోచ్ డిక్ నోలన్‌ని తీసేశారు. జనం శాంతించాలంటే ఎవరో ఒకరు వెళ్ళాలిగా! ఆ ముందటేడాది ఎనిమిది గెలుపులు తెచ్చినవాడూ అతనే. అంటే అతను కూడా పూర్తిగా అత్త కాదు, ఇంకాస్త పెద్ద దుత్త. 1979లో కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే రోజున ఈ జట్టు తన మొదటి అవకాశాన్ని బంతిని కాలితో తన్నే స్పెషలిస్టు కోసం ఖర్చుపెట్టింది. అటువంటి ఆటగాడు ఆట మొత్తం మీద మైదానంలో వుండేది కాసేపే. గోడలు నెర్రెలిచ్చిన ఇంటికి ముందు వెండి గొళ్ళెం కొన్నట్టు లేదూ? ఆ బేరం చేసినవాళ్ళ మీద ఎన్ని కేకలు పడివుంటాయంటారు? వాళ్ళు మైదానంలో కనపడరు.

కోపాన్ని సరైన చిరునామాకి పంపినవాళ్ళూ లేకపోలేదు. ఇదే దేశంలో, రెండేళ్ళ ముందు, న్యూయార్క్ జెయింట్స్ అభిమానులు ఆ పని చేశారు. పేరుకి న్యూయార్క్ గానీ, వాళ్ళు ఆడేది పక్కనే వున్న న్యూజెర్సీలో. 1978 నవంబరు 19న ఫిలడెల్ఫియా జట్టు మీద 17-12తో గెలుస్తున్నారు. ఇంక అరనిమిషమే వుంది. బంతి తమ చేతిలోనే వుంది. క్వార్టర్‌బాక్ జో పిసార్చిక్ దాన్ని పొట్టకి హత్తుకుని మోకాలు నేలకి ఆనిస్తే ఆట అయిపోయినట్టే. కానీ బయటినుంచి కోచ్‌లలో ఒకాయన, పక్కవాడికి అందించి పరిగెత్తించమని కబురు పంపాడు. తోటి ఆటగాళ్ళు వద్దన్నారు. అంతకు ముందోసారి చెప్పిన ఎత్తు మార్చినందుకు పిసార్చిక్ చీవాట్లు తినివున్నాడు. అందుకని ఈసారి నోరుమూసుకుని చెప్పినట్టే చేశాడు. బంతి జారింది. ఎదుటి జట్టులో హెర్మ్ ఎడ్వర్డ్స్ అందుకుని 26 గజాలు పరిగెత్తాడు. 19-17. అయిపోయింది!

బంతి జారింది పిసార్చిక్ చేతుల్లోంచే. కాదనను. కానీ చెయ్యకూడదని అందరికీ తెలిసిన పనిని ఆ చేతులు ఎందుకు చేశాయన్నది కదా అడగాల్సిన ప్రశ్న! ఆ కబురు పంపిన కోచ్ మర్నాడు పొద్దున్నకల్లా ఉద్యోగం పోగొట్టుకున్నాడు. అభిమానులు అక్కడితో ఆగలేదు. స్టేడియం బయట టిక్కెట్లు తగలబెట్టారు. డిసెంబరు 10న ఆట జరుగుతుంటే, పదిహేనేళ్ళ చచ్చు ఆట ఇంక చాలంటూ బానరు కట్టిన విమానాన్ని స్టేడియం మీద తిప్పారు. ఆ మాట ఏ ఒక్క ఆటగాడికీ తగిలేది కాదు. సరాసరి యజమానులకి తగిలేది.

ఆ యజమానులెవరనుకున్నారు? బాబాయీ అబ్బాయీ! వెల్లింగ్టన్ మారా, అతని అన్నగారి కొడుకు టిమ్ మారా. చెరిసగం వాటా. ఇద్దరికీ పడదు. ఉమ్మడి ఆస్తిలో వాటాదార్లకి మాటల్లేకపోతే పొలం ఏమవుతుందో మనకి ఒకరు చెప్పాలా? మొత్తం లీగుకి పెద్ద అయిన పీట్ రోజెల్ కలగజేసుకుని, 1979లో జార్జ్ యంగ్ అనే బయటివాణ్ణి మేనేజరుగా కుదిర్చాడు. ఇల్లు ఓ దారిన పడింది. యంగ్ ఆ ఏడాదే చిన్న కాలేజీలో చదివిన ఫిల్ సిమ్స్‌ని క్వార్టర్‌బాక్‌గా ఎంచాడు. చిత్రమేమిటంటే, ఆ పేరు చదవగానే అక్కడున్న అభిమానులు గేలి చేశారు. విమానం మీద అంత సూటిగా రాసిన చేతులు, కొత్త కుర్రాడు కనపడగానే మళ్ళీ పాత దుత్త దగ్గరికే వెళ్ళాయి! 1987 జనవరిలో అదే సిమ్స్ ఫైనల్లో 25 బంతులు విసిరితే 22 సరిగ్గా చేరాయి. జట్టు 39-20తో కప్పు గెలిచింది.

సీరియల్స్ రాసుకునే మాలాంటివాళ్ళకి ఈ వ్యవహారం కొత్తేం కాదు. కథ సాగుతున్న రోజుల్లో వారం వారం ఉత్తరాలొస్తాయి. 'రాధని అలా ఏడిపిస్తారా, మీకు మనసెలా వచ్చింది?' అని పేరూ ఊరూ రాసి తిట్టేవాళ్ళు కొందరు. వాళ్ళకి జవాబు చెప్పగలం, దెబ్బలాడగలం, వాళ్ళు చెప్పింది సబబుగా వుంటే తల వంచగలం. ఇంకొన్ని ఆకాశరామన్న ఉత్తరాలు. సంతకం లేని కార్డు మీద కథని వదిలేసి మన కాపురం గురించీ, పిల్లల గురించీ రాస్తారు. న్యూ ఆర్లియన్స్ సంచీ మొదట్లో వీధినాటకంలో వేషం. పోనుపోను అది ఆకాశరామన్న సంతకమైంది. నవ్వుకోడానికి తొడుక్కున్న ముసుగు, మొహంతో అనలేని మాటలు అనడానికి పనికొచ్చింది.

'డబ్బు పుచ్చుకుని ఆడుతున్నాడు, మాటలు పడాలి మరి' అంటారు. నిజమే, మానింగ్ పుచ్చుకున్నాడు, పడ్డాడు. కానీ ఆ మాటలు అతని ఒక్కడికే వినపడలేదు. భార్య ఒలీవియా కూడా ఆ జనంలోనే కూర్చునేది. ఆ 1980 సీజనంతా ఆమె కడుపుతో వుంది. పెద్ద పిల్లలు కూపర్‌కి ఆరేళ్ళు, పేటన్‌కి నాలుగు. అందరూ అరుస్తుంటే 'అమ్మా, మేం కూడా అరవమా?' అని ఆ పిల్లలు అడిగారని ఆ ఇంటి కథగా చెప్పుకుంటారు. పసివాళ్ళకేం తెలుసు? అందరూ అంటున్నది నాన్ననే అని వాళ్ళకి తెలియదు. తల్లికి తెలుసు. సీజను ముగిసిన కొద్దిరోజులకే, 1981 జనవరి 3న, మూడోవాడు ఈలై పుట్టాడు. ఆ పేటన్, ఈలై పెద్దయి క్వార్టర్‌బాక్‌లే అయ్యారు, చెరి రెండుసార్లు ఆ పెద్ద కప్పు గెలిచారు.

డిలిబెర్టో సంగతి కూడా చెప్పి ముగిస్తాను. ఈ జట్టు ఎప్పుడైనా ఫైనల్‌కి చేరితే ఆడవాళ్ళ గౌను తొడుక్కుని వీధిలో నడుస్తానని పందెం కట్టాడట. 2005లో కన్నుమూశాడు. 2010లో జట్టు ఫైనల్‌కి చేరింది. అతని మాట దక్కించడానికి బోలెడుమంది మగవాళ్ళు గౌన్లు తొడుక్కుని ఊరేగారు. ముచ్చటే! అయినా, మగవాడు వేసుకోదగ్గ పెద్ద శిక్ష ఆడదాని బట్ట కట్టుకోవడమేనా? మనం రోజూ కట్టుకుంటున్నాం, మనకేం లోటొచ్చింది? ఆ ఫైనల్లో సెయింట్స్ 31-17తో గెలిచారు. ఓడిన జట్టు క్వార్టర్‌బాక్ ఎవరనుకున్నారు? 'మేం కూడా అరవమా' అన్న పేటన్!

1982లో సెయింట్స్ ఆర్చీని వేరే ఊరి జట్టుకిచ్చేశారు. కానీ ఆ కుటుంబం న్యూ ఆర్లియన్స్ వదిలిపెట్టలేదు. పిల్లల్ని అక్కడే చదివించి పెద్దచేశారు. ఒలీవియా ఆ ఊరి వీధుల్లోనే తిరిగింది, ఆ ఊరి కొట్లలోనే సరుకులు కొనుక్కుంది. పక్కన నిలబడి నవ్వుతూ పలకరించినవాళ్ళలో ఆనాడు సంచీ తొడుక్కున్నది ఎవరో ఆమెకెలా తెలుస్తుంది? అది వాళ్ళకే తెలియాలి.