చూడని రైతు, చూచిన ఓడ: ఆడెన్ పద్యము, బ్రూగెల్ చిత్రములు

డబ్ల్యు. హెచ్. ఆడెన్ 1938 డిసెంబరులో వ్రాసిన ‘మ్యూజె దె బోజార్’ అను 21 పంక్తుల పద్యము ఆంగ్ల సాహిత్యము చదివిన మన పాఠకులలో కొందరికి పరిచితమే. బ్రస్సెల్స్ లోని లలితకళల మ్యూజియములో బ్రూగెల్ చిత్రములను చూచి కవి దానిని వ్రాశాడు. ఒకడు బాధలో ఉండగా పొరుగువాడు తన పని తాను చేసికొనుచుండుట దాని విషయము. ప్రసంగములలో ఈ పద్యమును లోకపు నిర్లక్ష్యమునకు ఉదాహరణగా వాడుట అలవాటైనది. మేమును అలా వాడినవారమే. అయితే చిత్రముల ప్రక్కన పెట్టి చదివినప్పుడు ఆ వాడుక చాలదని మాకు తోచినది.

మొదట ఇకారస్ చిత్రము. మైనపు రెక్కలతో సూర్యునికి మిక్కిలి దగ్గరగా ఎగిరి సముద్రములో పడిన యువకుని కథ ఇది. లాటిను కవి ఓవిడ్ ఈ కథను చెప్పినప్పుడు దున్నేవాడు, గొఱ్ఱెల కాపరి, గాలము వేసేవాడు ముగ్గురూ తలలెత్తి, ఎగిరేవారిని దేవతలనుకొని ఆశ్చర్యపడతారు. చిత్రములోనూ ఆ ముగ్గురే ఉన్నారు, కాని పడినవానిని ఎవరూ చూడరు. రైతు చాలు మీదనే దృష్టి నిలిపాడు. ఇకారస్ మాత్రము క్రింద ఒక మూల, నీటిలో మునుగుచున్న రెండు కాళ్లుగా మిగిలాడు. (ఈ చిత్రము బ్రూగెల్ స్వహస్తముతో వేసినది కాదు, పోయిన మూలమునకు నకలు కావచ్చునని నేడు అనేక పండితుల అభిప్రాయము. కూర్పు ఆయనదేనని తలచినంతవరకు మా వాదమునకు అడ్డు లేదు.) విలియమ్ కార్లోస్ విలియమ్స్ కూడా దీనిపై ఒక పద్యము వ్రాశాడు. అది 1962లో వెలువడిన ఆయన సంపుటిలో ఉన్నది.

ఆడెన్ ఇక్కడ ఒక సూక్ష్మమైన భేదము చూపుతాడు. రైతు ఆ శబ్దమును విని ఉండవచ్చును. ఓడ మాత్రము తప్పక చూచి ఉంటుంది, అయినా తన గమ్యమునకు సాగిపోయినది. ప్రసంగీకులు ఈ ఇద్దరినీ ఒకే గాట కట్టుట న్యాయము కాదు. లూకా 10లో యాజకుడును లేవీయుడును చూచి ప్రక్కగా పోయినవారు. వారికి సాటి ఓడయే గాని రైతు కాదు. తన చాలును దున్నుకొనేవానిని దోషిగా నిలబెట్టే ప్రసంగము, కూలికి పోవు విశ్వాసుల మీద అనవసరమైన భారము మోపుతుంది.

అదే మ్యూజియములో 1566 నాటి ‘బేత్లెహేములో ప్రజాసంఖ్య’ ఉన్నది. ఆడెన్ పద్యపు మొదటి భాగములో అద్భుత జననము కొరకు ఎదురుచూచు వృద్ధులు, మంచుగడ్డపై జారుచు ఆడుకొను పిల్లలు కనబడుట వెనుక ఈ చిత్రము ఉన్నదని విమర్శకులు చెబుతారు. బేత్లెహేము ఇక్కడ మంచు కప్పిన ఫ్లెమిష్ గ్రామము. సత్రపు కిటికీ యొద్ద జనము గుమిగూడి పేర్లు వ్రాయించుకొనుచున్నారు. గోడపై హాబ్స్‌బర్గ్ రాజవంశపు రెండు తలల గ్రద్ద ఉన్నది. అంటే ఔగుస్తు ఆజ్ఞను చిత్రకారుడు తన కాలపు ఏలికల ముద్రతో చూపాడు. ముందు భాగములో ఒక పందిని కోయుచున్నారు. గాడిదపై నీలి వస్త్రములో మరియ, భుజముపై రంపముతో యోసేపు వచ్చుచున్నారు. తేజోవలయము లేదు, దారి ఇచ్చేవారు లేరు. ఆ సంవత్సరము ఆగస్టులోనే నెదర్లాండ్స్ లో దేవాలయపు ప్రతిమలను పగులగొట్టిన అలజడి చెలరేగినదని మన సంస్కరణోద్యమ చరిత్ర విద్యార్థులు గుర్తుంచుకొనవలెను.

ఇక్కడనే పద్యముతో మాకు పేచీ. ఇకారస్ పతనమును, క్రీస్తు జననమును ఆడెన్ ఒకే గమనింపులేనితనము క్రింద చేర్చాడు. ఇకారస్ ఎత్తుకు ఎగిరి, ఇష్టము లేకుండ పడ్డాడు. ఫిలిప్పీ 2లో చెప్పబడినవాడు తానే తగ్గించుకొన్నాడు. గుర్తింపబడకుండుట ఆయన ఏరికోరిన మార్గము. చక్రవర్తి లెక్కలో ఒక పేరుగా చేరుటకు వచ్చుచున్న గర్భస్థ శిశువును ఎవరూ చూడకపోవుట ఒక విషాదము మాత్రమే కాదు.

1938లో ఆడెన్ ఈ భేదము చూడలేదనుట తొందరపాటు కాదనుకొంటాము. 1940లో ఆయన తిరిగి సంఘములో చేరాడు. 1944లో ప్రచురించిన క్రిస్మస్ గీతనాటికను పండుగ ముగిసిన మరునాటి సాధారణ జీవితముతో ముగించాడు. పద్యములో బాధకు నేపథ్యమైన ఆ మామూలు దినము అక్కడ విశ్వాసికి అప్పగింపబడిన కాలమైనది.

మా తరగతిలో ‘ప్రజాసంఖ్య’ చిత్రపు ప్రతిని పేరు చెప్పకుండ చూపాము. పందిని అందరూ వెంటనే చూశారు. మరియను చూపుటకు మేమే లేచి వ్రేలు పెట్టవలసి వచ్చినది.