అతుకులో మూడు వరసలు

పాత బట్ట చేతికొస్తే నేను ముందు తిరగేస్తాను. పైవైపు నలుగురూ చూడాలని కుట్టింది. లోపలివైపు సంగతి కుట్టిన మనిషికీ, తొడుక్కున్న మనిషికీ తెలుసు. ఎక్కడ గుడ్డ చాలక ముక్క అతికారో, ఎక్కడ చేయి అలిసి టాకాలు పొడుగయ్యాయో, ఎక్కడ విప్పి మళ్లీ కుట్టారో, అన్నీ అక్కడే ఉంటాయి.

పోయిన నెల ఇక్కడ బిలాస్‌పూర్‌లో, రాజ్‌కిశోర్ నగర్‌లోనే మా వెనక వీధి నుంచి ఒకావిడ తువ్వాల్లో చుట్టిన జాకెట్టు ఒకటి తెచ్చింది. వాళ్లది శ్రీకాకుళం వైపు కుటుంబం. తాత, తండ్రి, భర్త ముగ్గురూ రైల్వే ఉద్యోగులే. జాకెట్టు వాళ్ల నాన్నమ్మ పెళ్లినాటిది. వంకాయరంగు పట్టు, మెడ దాకా మూసిన కాలరు, భుజం దగ్గర లేచి మోచేతికి వచ్చేసరికి బిగిసే బుట్ట చేతులు, వాటి అంచున చేత్తో అల్లిన లేసు. మాఘంలో ఆవిడ కూతురి పెళ్లి. పాత ఫొటోలో తాతమ్మను చూసి, పిల్ల అచ్చం అలాంటిదే కావాలందట.

“అక్కా, కుట్లు విప్పేస్తే కొలతలు సరిగ్గా వస్తాయి కదా. పనయ్యాక మళ్లీ కుట్టేద్దురుగాని” అంది.

విప్పనన్నాను. అంత పాత దారాన్ని లాగితే దాంతోపాటు పట్టూ చిరుగుతుంది. చంకల దగ్గర చెమటకు నాని నాని పట్టు అప్పటికే పొడిపొడిగా ఉంది. ఉతికిన మల్లు గుడ్డ పరిచి, దాని మీద జాకెట్టును పడుకోబెట్టి, అంగుళానికోసారి టేపు పెట్టి బ్రౌన్ పేపరు మీద చుక్కలు పెట్టుకుంటూ పోయాను. నాలుగు సాయంత్రాలు పట్టింది.

ఆ నాలుగు సాయంత్రాల్లో నేర్చుకున్నది చాలా ఉంది. ఇప్పటి జాకెట్లకు వేసే డాట్లు దానికి లేవు. నడుం నుంచి పైకి సన్నటి మడతలు కుట్టుకుంటూ వచ్చి ఛాతీ కింద వదిలేశారు. గుడ్డ అక్కడ దానంతటదే విచ్చుకుంటుంది. చేతిని భుజం దగ్గర కావలసినదానికంటే ఎత్తుగా, వెడల్పుగా కత్తిరించి, రెండు వరసల దారం వేసి దగ్గరికి లాగారు. పదకొండు అంగుళాల గుడ్డ ఆరంగుళాల్లో ఒదిగింది. ఆ బుట్ట వాలిపోకుండా లోపల గట్టి నూలుగుడ్డ పట్టీ పెట్టారు.

ఈ చేతులు ఎక్కడివి? రవిక మనకు కొత్త కాదు, పాత కావ్యాల్లోనే ఉన్న మాట. జాకెట్టే కొత్తగా వచ్చింది. 1864లో భర్త సత్యేంద్రనాథ్‌తో బొంబాయి వెళ్లిన, టాగూర్ల ఇంటి కోడలు జ్ఞానదానందినీ దేవి అక్కడి పార్సీ స్త్రీల కట్టు చూసి, చీర కింద లంగా, పైన జాకెట్టు వేసుకునే పద్ధతిని కలకత్తాకు తెచ్చింది. మిషనరీ బడుల్లో, రైల్వే కాలనీల్లో తెల్లవాళ్ల బ్లౌజులు చూసిన దర్జీలు ఆ కాలర్లనూ ఆ చేతులనూ మన జాకెట్లకు పెట్టారు. బుట్ట చేతులు యూరప్‌లో 1890ల మోజు. 1920లు వచ్చేసరికి అక్కడి గౌన్ల నడుం తుంటి మీదికి జారింది, చేతులు దాదాపు మాయమయ్యాయి. మన పెళ్లి ఫొటోల్లో మాత్రం బుట్ట చేతులు ఇంకా చాలా ఏళ్లు నిలిచాయి. అందుకే చేతులను చూసి జాకెట్టు వయసు చెప్పకూడదు. దీని వయసు ఫొటో వెనక రాసి ఉంది: 1929.

ఆ ఏడాదే బాల్య వివాహాలను ఆపడానికి శారదా చట్టం వచ్చింది. పెళ్లికి ఆడపిల్లకు కనీసం 14 ఏళ్లుండాలన్న ఆ నియమం 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఈలోగా తొందరపడి చేసేసిన పెళ్లిళ్లు దేశంలో ఎన్నో. ఈ పెళ్లి కూడా అలాంటిదేనని వాళ్లింట్లో చెప్పుకుంటారట. నాకు ఆ మాట అతుకులో కనబడింది.

పక్క అతుకుల్లో మూడు వరసల కుట్టు జాడలున్నాయి. అన్నిటికంటే లోపలి వరసలో కుట్టు లేదు, సూది రంధ్రాలే మిగిలాయి. అవి మిషను కుట్టువి, ఒక్క తీరుగా ఉన్నాయి. ఆ వరస దగ్గర ఛాతీ 28 అంగుళాలు. అది చిన్నపిల్ల కొలత. ముప్పాతిక అంగుళం అవతల ఇంకో వరస రంధ్రాలు, రెండు పక్కలా నాలుగు అంచులూ కలిపి అక్కడికి 31. మళ్లీ ముప్పాతిక అంగుళం అవతల ఇప్పుడున్న కుట్టు, 34. మొదట కుట్టిన దర్జీ ప్రతి అంచుకూ రెండంగుళాల గుడ్డ లోపల వదిలాడు. పిల్ల ఎదుగుతుందనీ, తల్లవుతుందనీ తెలిసి వదిలాడు. రెండో వరసా మూడో వరసా చేతికుట్లు. రెండోదాని రంధ్రాలు దూరం దూరంగా, వంకరగా ఉన్నాయి. మూడోది సన్నగా, ఒత్తుగా, వెనక్కి తిప్పి వేసిన టాకా. ఆ రెంటి మధ్య ఒక అమ్మాయి సూది పట్టడం నేర్చుకుంది.

ఆమె కాపురానికి వచ్చినప్పుడు విజయనగరం నుంచి రాయపూర్‌కు నేరుగా రైలు లేదు. ఆ మార్గం 1931లో పూర్తయింది. అంతకుముందు బెంగాల్ నాగపూర్ రైల్వేలో ఖరగ్‌పూర్ దాకా వెళ్లి, అక్కణ్నుంచి పడమరకు తిరిగి బిలాస్‌పూర్ చేరాలి. ఆవిరి ఇంజన్ల కాలం. జాకెట్టు మడతల్లో నల్లటి నుసి ఇంకా ఉంది. దాన్ని నేను దులపలేదు.

మూడో వరస తర్వాత అతుకులో ఇంకా అరంగుళం గుడ్డ మిగిలింది. మరి ఎందుకు వదులు చేయలేదని అడిగాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. పెళ్లయిన పదిహేనేళ్లకు నాన్నమ్మకు భర్త పోయాడు. ఆ రోజుల్లో చాలా కుటుంబాల్లో విధవలు రవిక తొడుక్కోకూడదు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆమె చీర కొంగే చుట్టుకుంది.

అప్పుడర్థమైంది, ఈ జాకెట్టు ఇన్నాళ్లు ఎందుకు నిలిచిందో. రోజూ తొడుక్కున్నవి చిరిగి బొంతలయ్యాయి, మసిగుడ్డలయ్యాయి. వద్దని పెట్టెలో పెట్టించినది మిగిలింది. పాతకాలపు బట్టల అందాన్ని మెచ్చుకునేటప్పుడల్లా నాకిక ఈ సంగతి గుర్తుంటుంది. ఆ లేసును మెచ్చుకునేటప్పుడూ అంతే. నర్సాపురం ప్రాంతంలో ఇళ్లలో కూర్చుని లేసు అల్లే ఆడవాళ్ల శ్రమకు ఎంత తక్కువ దక్కుతోందో జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ 1982లో పుస్తకమే రాసింది. ఈ చేతి అంచును అల్లిన మనిషి పేరు ఏ పుస్తకంలోనూ లేదు.

ఇంజనీరు భర్తతో అప్పటి మధ్య పరగణాల్లోనే (సెంట్రల్ ప్రావిన్సెస్) కాపురమున్న రచయిత్రి భండారు అచ్చమాంబ ముప్పై ఏళ్లే బతికింది. 1905లో కన్నుమూసేలోపు ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ కూర్చి, పేరున్న ఎందరో స్త్రీల చరిత్రలు తెలుగువాళ్లకు ఇచ్చింది. పేరు లేనివాళ్ల చరిత్ర ఎక్కడుందని అడిగితే ఇలాంటి అతుకులే చూపిస్తాను. ఒక్క ఉత్తరమైనా రాయని మనిషి తన ఒంటి ఎదుగుదలనూ, తన చేతి పనితనాన్నీ, తన మీద పడిన ఆంక్షనూ ముప్పాతిక అంగుళాల దూరాల్లో వదిలివెళ్లింది.

మీ ఇంట్లో ఇలాంటివి ఉంటే ఉతకకండి, ఇస్త్రీ చేయకండి. ప్లాస్టిక్ సంచిలో పెట్టకండి. మన వానాకాలానికి లోపల చెమ్మ పట్టి బూజొస్తుంది. జరీ పక్కన కలరా ఉండలు వేయకండి. గంజి లేని పాత మల్లు గుడ్డలో చుట్టి, ఆరు నెలలకోసారి తీసి, మడత చోటు మార్చండి. ఎవరిది, ఎప్పటిది, ఎవరు కుట్టారో చీటీ మీద రాసి దగ్గర పెట్టండి. ముఖ్యంగా, కొత్త ఫ్యాషన్‌కు తగ్గట్టు కత్తిరించే ముందు ఒక్కసారి తిరగేసి చూడండి.

కొత్త జాకెట్టుకు చాంపా నుంచి కోసా (టస్సర్) పట్టు తెచ్చాం. పక్క అతుకుల్లో రెండంగుళాలు వదిలాను. కొలత చూసుకోవడానికి వచ్చిన పిల్ల లోపల తడిమి, “ఆంటీ, ఇంత గుడ్డ ఎందుకు? లావుగా కనిపించనా?” అంది. పాతది తిరగేసి మూడు వరసలూ చూపించాను. చివరి వరస మీద వేలు అలాగే ఉంచి, “ఇది తాతమ్మ చేతికుట్టేనా?” అని అడిగింది. అవునన్నాను.

చేతుల అంచుకు లేసు నేనే వేస్తానంది. నా పక్కన చాప మీద కూర్చుని సూది పట్టింది. మొదటి టాకాలు పొడుగ్గా, వంకరగా పడ్డాయి. విప్పమని చెప్పలేదు.